‘బాగుండు’ అన్న మాటను ఇంగ్లీషులో పెట్టడం ఎలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గాజువాకలో ఉంటున్నారని, బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఆసుపత్రిలో డ్యూటీ చేసుకుంటూనే ఓఈటీకి (విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) చదువుతున్నారని రాశారు. మాక్ టెస్టులో పేషెంటుగా కూర్చున్నాయనతో "యు హ్యాడ్ బెటర్ స్టాప్ స్మోకింగ్" అన్నారట. గ్రామర్ తప్పు ఒక్కటీ లేకపోయినా మార్కులు తగ్గాయి, ఎందుకో ఎవరూ చెప్పలేదు. దాంతోపాటు విష్‌కీ హోప్‌కీ తేడా ఏమిటి, ‘వుడ్ రేదర్’ తర్వాత ఒకచోట మామూలు క్రియ, ఇంకోచోట పాస్ట్ ఎందుకొస్తుంది, ‘సజెస్ట్ యు టు’ ఎందుకు తప్పు, ‘ఐ విష్ ఐ వజ్’ అంటే మార్కులు పోతాయా అని అడిగారు.

నేను విశాఖ ద్వారకా నగర్‌లో 22 ఏళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళలో సగానికి సగం నర్సులే. మీరు పడ్డ తికమక వాళ్ళందరూ పడ్డదే. అందుకని కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పైకి అయిదు ప్రశ్నల్లా ఉన్నాయి గానీ, వీటన్నిటికీ వేరు ఒకటే. పాస్ట్ టెన్స్ అంటే జరిగిపోయిన కాలం అని మనకు ఆరో క్లాసులో చెప్పారు. అది సగం నిజం. ఇంగ్లీషువాడు పాస్ట్ రూపాన్ని దూరం చూపించడానికి వాడతాడు. నిన్న జరిగిన పని కాలంలో దూరం. జరగని పని, లేని వస్తువు నిజానికి దూరం. పెద్దవాళ్ళతోనో కొత్తవాళ్ళతోనో మాట్లాడేటప్పుడు మర్యాద కోసం మధ్యలో ఉంచే ఎడం మూడో రకం దూరం. ఈ మూడింటికీ వాడు చేసేది ఒకే పని: క్రియను ఒక మెట్టు వెనక్కి దింపుతాడు.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదమ్మా. "రేపు వాడు వచ్చాడనుకో, ఏం చెబుతావ్?" అంటాం. రేపటి సంగతికి ‘వచ్చాడు’ అని భూతకాలం ఎందుకు పెట్టాం? ఊహ కాబట్టి. "ఈ బస్సు తప్పిందంటే మళ్ళీ గంటదాకా లేదు" అంటాం, బస్సు ఇంకా తప్పలేదు. ఇక మర్యాద సంగతి: పక్కింటావిడ గుమ్మంలో నిలబడి "ఒక సాయం అడుగుదామనుకున్నాను వదినా" అంటుంది. అడుగుతున్నది ఇప్పుడే. అయినా ‘అనుకుంటున్నాను’ అనదు. ఆ ‘అనుకున్నాను’లో ఒక వెనకడుగు ఉంది, కాదంటే ఏమీ అనుకోనులే అన్న భరోసా ఉంది. ఇంగ్లీషులో "ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సంథింగ్" అన్నది అచ్చంగా ఇదే.

ఇంకో విషయం చూడండి. వుడ్, కుడ్, మైట్, షుడ్ ఈ నాలుగూ మొదట్లో విల్, కెన్, మే, షల్ అనే వాటికి పాస్ట్ రూపాలు. ‘ఆట్ టు’ కూడా పాతకాలంలో ‘ఓ’ అనే క్రియకు, అంటే బాకీ ఉండటం అనే దానికి, పాస్ట్ రూపమే. కోరిక, ఇష్టం, సలహా చెప్పడానికి ఇంగ్లీషువాడు వాడే మాటల్లో చాలావి ఒక మెట్టు దిగి ఉన్నవే. మన దగ్గర ‘అండి’ ఉంది, ‘గారు’ ఉంది, ‘కాస్త’, ‘కొంచెం’ ఉన్నాయి. వాళ్ళకు ‘అండి’ లేదు. ఆ పనంతా ‘వుడ్’ చేత చేయించుకుంటారు.

ఇప్పుడు విష్, హోప్ దగ్గరికొద్దాం. ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి, దానికి కారణం మన ‘బాగుండు’. "రేపు వాన పడకపోతే బాగుండు" అంటాం. "నాకు రెక్కలుంటే బాగుండు" అని కూడా అంటాం. మొదటిది జరగడానికి వీలున్నది, రెండోది ఎప్పటికీ జరగనిది. తెలుగులో రెండింటికీ ఒకే మాట సరిపోయింది, వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషులో నోరు తెరవకముందే తేల్చుకోవాలి. ఆశ ఇంకా మిగిలుందా, లేదా? మిగిలుంటే హోప్: "ఐ హోప్ ఇట్ డజ్‌న్ట్ రెయిన్ టుమారో". లేకపోతే విష్: "ఐ విష్ ఐ హ్యాడ్ వింగ్స్". హోప్ తర్వాత క్రియ మెట్టు దిగదు, విష్ తర్వాత తప్పకుండా దిగుతుంది.

ఇది పుస్తకం చూసి చెబితే పిల్లలకు ఎక్కదు. నాకు ఒక క్లాసు బాగా గుర్తు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. మీరప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు, అయినా మరిచిపోయే రోజు కాదది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పాల ప్యాకెట్టు కోసం, మంచినీళ్ళ కోసం జనం వరసలు కట్టారు. మళ్ళీ క్లాసు మొదలైన రోజు నేను పాఠం చెప్పలేకపోయాను, వాళ్ళూ వినే స్థితిలో లేరు. "ఏం చేసుంటే బాగుండేదో ఒక్కొక్కరూ చెప్పండి" అన్నాను. అంతకుముందు రెండు నెలలపాటు విష్ మీద ఎన్ని ఎక్సర్‌సైజులు చేయించినా తడబడిన పిల్లలు ఆ రోజు ఒక్కరూ తడబడలేదు.

పెదగంట్యాడ నుంచి వచ్చే అబ్బాయి "ఐ విష్ వుయ్ హ్యాడ్ ఫిల్డ్ ద ట్యాంక్" అన్నాడు. హాస్టల్లో ఉండే అమ్మాయి "ఐ విష్ ఐ హ్యాడ్ చార్జ్‌డ్ మై ఫోన్" అని ఆగి, వాళ్ళమ్మ రెండు రోజులు ఏడ్చిందని తెలుగులో చెప్పింది. యూనివర్సిటీలో చదివే కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. క్యాంపస్‌లో పడిపోయిన చెట్ల గురించి ఆలోచిస్తున్నాడట. "ఐ విష్ దోజ్ ట్రీస్ వర్ స్టిల్ దేర్" అన్నాడు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఎవరో మెల్లగా, "ఐ హోప్ దే గ్రో బ్యాక్" అన్నారు.

ఆ నాలుగు వాక్యాలూ బోర్డు మీద రాసి కింద గీతలు గీశాను. ట్యాంకు నింపడం, ఫోను చార్జి చేయడం జరిగిపోయిన అవకాశాలు. కాలంలో ఒక మెట్టు, నిజం కాదు కాబట్టి ఇంకో మెట్టు. రెండు మెట్లు దిగితే ‘హ్యాడ్ ఫిల్డ్’. తెలుగులోనూ అక్కడ ‘బాగుండు’ చాలదు, ‘నింపి ఉంటే బాగుండేది’ అనాల్సిందే. చెట్ల సంగతి ఇప్పటిది, అవి ఇప్పుడు లేవు. ఒక మెట్టు దిగితే ‘వర్’. మళ్ళీ పెరగడం రేపటిది, ఆశ ఉంది. మెట్టు దిగక్కర్లేదు, ‘గ్రో’. ఇన్నేళ్ళలో విష్ గురించి నేను చెప్పిన పాఠాల్లో ఇంతకన్నా తేటగా చెప్పగలిగింది లేదు. ఆ రోజు చెప్పింది నేను కాదు, వాళ్ళే.

మీరు నర్సు కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మంచం మీద ఉన్న మనిషి దగ్గర విష్‌కీ హోప్‌కీ మధ్య తేడా వట్టి గ్రామర్ తేడా కాదు. ఒకసారి క్లాసులో రోల్ ప్లే. పక్షవాతం వచ్చిన పేషెంటు వేషం నాది. నర్సుగా చేస్తున్న అమ్మాయి ఎంతో ప్రేమగా నా చెయ్యి పట్టుకుని "ఐ విష్ యు కుడ్ వాక్" అంది. తన మనసులో ఉన్నది "మీరు నడవగలిగితే బాగుండు", అంటే త్వరలో నడవాలని. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం "మీరిక నడవలేరు, పాపం" అని. ఆ నెలలోనే మా నాన్నగారు అదే జబ్బుతో కేజీహెచ్ ఆసుపత్రిలో ఉన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ‘బాగుండు’ని మక్కీకి మక్కీ దించేసింది. తను అనాల్సింది "ఐ హోప్ యు విల్ బి వాకింగ్ సూన్". లేదా దీవించినట్టు "ఐ విష్ యు ఎ స్పీడీ రికవరీ" అనొచ్చు. విష్ తర్వాత ఇలా మనిషి, ఆ వెనకే కోరుకునే వస్తువు వస్తే అది దీవెన, మన ‘శుభాకాంక్షలు’ లాంటిది. "ఐ విష్ యు ఎ హ్యాపీ బర్త్‌డే" అదే కుదురు. కానీ "ఐ విష్ యు విల్ గెట్ వెల్ సూన్" మాత్రం ఎక్కడా కుదరదు. మనవాళ్ళ గెట్ వెల్ కార్డుల్లో, వాట్సాప్ మెసేజీల్లో ఇది రోజూ కనిపిస్తుంది.

విష్ తర్వాత ‘వుడ్’ వచ్చే రకం ఒకటుంది. ఎదుటివాళ్ళు చేయరు, మనకు విసుగు, అప్పుడు వాడేది. బీచ్ రోడ్డులో హారన్లు మోగిస్తుంటే "ఐ విష్ దే వుడ్ స్టాప్ హాంకింగ్". ముసురు పట్టిన రోజున "ఐ విష్ ఇట్ వుడ్ స్టాప్ రెయినింగ్". మన గురించి మనం మాత్రం "ఐ విష్ ఐ వుడ్" అనుకోం, మనసు మనదే కాబట్టి. "ఐ విష్ ఐ కుడ్" అంటాం. పేషెంటుతో "ఐ విష్ యు వుడ్ టేక్ యువర్ టాబ్లెట్స్" అనకండి, చిరాకు వినిపిస్తుంది.

ఇష్టాయిష్టాల సంగతి ఇంత లోతు కాదు, త్వరగా చెప్పేస్తాను. ‘లైక్’ అంటే అలవాటుగా ఉన్న ఇష్టం, ‘వుడ్ లైక్’ అంటే ఇప్పుడు కావాలనిపించడం. ఇంటికొచ్చిన వాళ్ళను "డు యు లైక్ టీ?" అని అడిగితే మీకు టీ అంటే ఇష్టమా అని వాళ్ళ అలవాటు అడిగినట్టు. "వుడ్ యు లైక్ సమ్ టీ?" అంటేనే పొయ్యి మీద గిన్నె పెట్టబోతున్నట్టు. అలాగే ‘నాకు కావాలి’ అన్నది మన భాషలో మొరటు మాట కాదు, గొంతులో మర్యాద ఉంటుంది. దాన్ని "ఐ వాంట్" అని దించితే చేయి చాచి లాక్కున్నట్టు ఉంటుంది. "ఐ వుడ్ లైక్" అనండి.

‘ప్రిఫర్’తో మనం చేసే తప్పు ఒక్కటే. ‘కంటే’ అన్నది చూడగానే ‘దాన్’ పెట్టేస్తాం. ప్రిఫర్ వెనక వచ్చేది ‘టు’. ఆర్కే బీచ్‌లో ఐస్‌క్రీమ్ కంటే మురీ మిక్చర్ ఇష్టమైతే "ఐ ప్రిఫర్ మురీ మిక్చర్ టు ఐస్‌క్రీమ్". సింహాచలం కొండకు బస్సు కంటే మెట్ల దారే ఇష్టమైతే "ఐ ప్రిఫర్ క్లైంబింగ్ ద స్టెప్స్ టు టేకింగ్ ద బస్". రోజువారీ ఇష్టం ఇది. ఈ పూట ఏం చేద్దామన్న ప్రశ్న వస్తే ‘వుడ్ రేదర్’: "ఐ వుడ్ రేదర్ క్లైంబ్ ద స్టెప్స్ దాన్ టేక్ ద బస్". ఇక్కడ ‘దాన్’ వచ్చింది చూశారా? రేదర్ అన్నది పాత ఇంగ్లీషులో ‘ముందుగా’ అని అర్థం ఉన్న మాటకు పోలిక రూపం. ‘అంతకన్నా ముందు ఇది చేస్తాను’ అని. పోలిక రూపం పక్కన ‘దాన్’ రావడం సహజం. ఇప్పటికీ "ఐ వుడ్ సూనర్" అని అదే అర్థంలో అంటారు.

ఇక మీరడిగిన రెండు రకాల ‘వుడ్ రేదర్’. చేసేది మీరే అయితే మామూలు క్రియ. "ఐ వుడ్ రేదర్ వెయిట్ అవుట్‌సైడ్", నేను బయటే ఉంటాను లెండి. చేయాల్సింది ఎదుటి మనిషి అయితే పాస్ట్. "ఐ వుడ్ రేదర్ యు వెయిటెడ్ అవుట్‌సైడ్", మీరు బయట ఉంటే నాకు బాగుంటుంది. మన చేతిలో ఉన్న పనికి దూరం అక్కర్లేదు, ఎదుటివాళ్ళ చేతిలో ఉన్న పనిని కోరుతున్నాం కాబట్టి ఒక మెట్టు దిగాం. అంతే తేడా. వార్డులో మొబైల్లో గట్టిగా మాట్లాడుతున్న బంధువుతో "ఐ వుడ్ రేదర్ యు డిడ్‌న్ట్ టాక్ హియర్" అంటే "ఇక్కడ మాట్లాడకుండా ఉంటే బాగుంటుందండి" అన్నట్టు. ‘డోంట్ టాక్’ కన్నా చాలా మెత్తన. "ఇట్స్ టైమ్" కూడా ఈ కుదురే: "ఇట్స్ టైమ్ వుయ్ లెఫ్ట్", ఇక బయల్దేరాల్సిన వేళయింది. వెళ్ళడం ఇంకా జరగలేదు, అయినా ‘లెఫ్ట్’. వద్దని చెప్పాల్సి వచ్చినప్పుడు "ఐ వుడ్ రేదర్ నాట్" అన్న నాలుగు ముక్కలు నేర్చుకోండి, ‘నో’ అనకుండా కాదనడానికి అంతకన్నా మంచి మాట లేదు.

ఇప్పుడు అసలు సంగతి, సలహా. మీ మార్కులు పోయింది ఇక్కడే, మీ పరీక్షంతా నిలబడేదీ దీని మీదే. ఓఈటీ స్పీకింగులో రెండు రోల్ ప్లేలు. ఒక్కోదానికి కార్డు చదువుకోవడానికి 3 నిమిషాలు, మాట్లాడటానికి 5 నిమిషాలు. ఏ కార్డు తీసినా ఎక్కడో ఒకచోట పేషెంటుకు సలహా చెప్పాల్సి వస్తుంది. మార్కులు గ్రామర్ ఒక్కదానికే వేయరు. మాట సందర్భానికి తగ్గట్టు ఉందా, పేషెంటు మనసులో ఏముందో కనుక్కున్నారా, వాళ్ళతో సంబంధం కలుపుకున్నారా అన్నవి విడివిడిగా చూస్తారు.

‘హ్యాడ్ బెటర్’కి మన గైడ్లన్నీ ‘చేయడం మంచిది’ అని అర్థం రాస్తాయి. నేనూ మొదటి నాలుగైదేళ్ళు అలాగే చెప్పాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ‘బెటర్’ అన్న మాట చూసి మోసపోతాం. ఆ మాటలో వినిపించేది ‘లేకపోతే చూసుకో’. దాని వెనక ఎప్పుడూ ఒక ‘లేకపోతే’ పొంచి ఉంటుంది. అరకు వెళ్ళే కిరండూల్ రైలు పొద్దున్నే ఉంది, ఇంట్లోవాళ్ళు ఇంకా జడలు వేసుకుంటున్నారు. "వుయ్ హ్యాడ్ బెటర్ హర్రీ" అంటాం, లేకపోతే బండి వెళ్ళిపోతుంది. అక్కడ అది సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అందరం ఒకే పడవలో ఉన్నాం. నాన్న కొడుకుతో "యు హ్యాడ్ బెటర్ బి హోమ్ బై నైన్" అంటాడు, బాగుంది. అదే మాట నర్సు పేషెంటుతో "యు హ్యాడ్ బెటర్ స్టాప్ స్మోకింగ్" అంటే? "మర్యాదగా మానెయ్, లేకపోతే నీ ఖర్మ" అని వినిపిస్తుంది. మీ మాక్ టెస్టులో జరిగింది ఇదే. మీ గ్రామర్ నూటికి నూరు పాళ్ళు సరైనదే, ఆ మాట ఆ మనిషికి తగదు. రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: ‘హ్యాడ్ బెటర్’ తర్వాత ‘టు’ రాదు, వద్దనేటప్పుడు ‘హ్యాడ్ బెటర్ నాట్’ అనాలి. మాటల్లో కుదించి ‘యూడ్ బెటర్’ అంటారు. ఆ ‘డ్’ హ్యాడ్‌ది. ‘ఐడ్ రేదర్’లో ఉన్న ‘డ్’ వుడ్‌ది. పైకి కవలల్లా ఉన్నా వేరు వేరు.

మరి సిగరెట్ మానమని ఎలా చెప్పాలి? ముందు సలహా చెప్పకండి, అడగండి. మన ఊళ్ళో పెద్ద డాక్టర్ల దగ్గర చూస్తుంటాం కదా, పేషెంటు నోరు విప్పకముందే "బీడీ మానెయ్" అనేస్తారు, ఆయన బయటికొచ్చి ముందు బీడీయే వెలిగిస్తాడు. "హ్యావ్ యు ఎవర్ ట్రైడ్ టు కట్ డౌన్?", ఎప్పుడైనా తగ్గించడానికి చూశారా అని అడగండి. ఆయన ఏదో చెబుతాడు: ప్రయత్నించాను, పొద్దున్నే టీతో ఒకటి పడకపోతే తోచదు అంటాడు. ఇప్పుడు మీ సలహాకు పట్టు దొరికింది. "ఇట్ మైట్ హెల్ప్ టు స్టార్ట్ విత్ దట్ మార్నింగ్ వన్", ఆ పొద్దుటిదానితోనే మొదలుపెడితే ఫలితం ఉండొచ్చు. ‘మైట్’ మెట్టు దిగిన మాట, ఆయనకు కాదనే చోటు ఉంచుతుంది. తర్వాత "వుడ్ యు బి విల్లింగ్ టు ట్రై దట్ ఫర్ ఎ వీక్?", ఒక వారం చూస్తారా? మళ్ళీ ‘వుడ్’. ఆయన సరే అన్నాక, ఆపరేషన్ ఉందనుకోండి, అప్పుడు గట్టిగా చెప్పొచ్చు: "ఐ వుడ్ స్ట్రాంగ్లీ అడ్వైజ్ యు టు స్టాప్ కంప్లీట్లీ బిఫోర్ ద సర్జరీ". గొంతు గట్టిదే, అయినా ‘వుడ్’ అలాగే ఉంది చూడండి.

‘షుడ్’ తప్పు మాట కాదు. ఆకుకూరలు తినండి, నీళ్ళు తాగండి వంటి వాటికి "యు షుడ్" చక్కగా సరిపోతుంది. వరసగా నాలుగు ‘యు షుడ్’లు పెడితే మాత్రం మాస్టారు తిట్టినట్టుంటుంది. "ఇఫ్ ఐ వర్ యు" స్నేహితుల మధ్య బాగుంటుంది, మంచం మీద ఉన్న మనిషితో ‘నేనే మీరైతే’ అనడం అంత బాగుండదు. ‘షుడ్ హ్యావ్’ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. అది మన ‘చేయాల్సింది’. "యు షుడ్ హ్యావ్ కమ్ ఎర్లియర్", ముందే రావాల్సింది కదమ్మా అన్నట్టు. మన ఆసుపత్రుల్లో ఈ మాట అభిమానంతోనే అంటారు, కానీ వినే తల్లి గుండెలో ముల్లు దిగుతుంది. దాని బదులు "ఐ యామ్ గ్లాడ్ యు కేమ్ ఇన్ టుడే" అనండి. ఇవాళైనా వచ్చారు, మంచి పని చేశారు.

ఇంత మెత్తదనం చెప్పాను కదా అని అన్నిచోట్లా మెత్తగా మాట్లాడకండి. ప్రాణం మీదికొచ్చే చోట దూరం పనికిరాదు. పెన్సిలిన్ పడని మనిషితో "ఇట్ మైట్ బి బెటర్ నాట్ టు టేక్ ఇట్" అంటే అది మర్యాద అనిపించుకోదు, ప్రమాదం. "యు మస్ట్ నాట్ టేక్ పెన్సిలిన్" అనాలి. ఛాతీలో నొప్పి వస్తే "కాల్ యాన్ యాంబులెన్స్ రైట్ అవే" అనాలి. అక్కడ క్రియ ఒక్క మెట్టు కూడా దిగకూడదు. ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో తెలిసిన నర్సునే పేషెంటు నమ్ముతాడు.

‘సజెస్ట్’ ఒక మొండి మాట. అడ్వైజ్, టెల్, ఆస్క్ ఈ మూడింటి పక్కన మనిషి, ఆ వెనక ‘టు’ హాయిగా కూర్చుంటాయి: "ఐ అడ్వైజ్ యు టు రెస్ట్". సజెస్ట్ పక్కన అలా కూర్చోవు. "ఐ సజెస్ట్ రెస్టింగ్" అనాలి, లేదా "ఐ సజెస్ట్ యు రెస్ట్" అనాలి. ‘రికమెండ్’ కూడా ఇలాగే వాడితే ఎప్పుడూ తప్పు పడదు. ‘నాకో మంచి డాక్టర్ని చెప్పండి’ అని అడగడానికి మనవాళ్ళు "సజెస్ట్ మీ ఎ గుడ్ డాక్టర్" అని రాస్తారు. "కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ డాక్టర్?" అంటే చాలు, ‘మీ’ అక్కర్లేదు. ఇంకో చిన్న సంగతి: ‘అడ్వైస్’ నామవాచకం, చివర ‘స’ పలుకుతుంది. క్రియ అయితే చివర తుమ్మెద రొదలాగా సన్నని ‘జ’ పలకాలి. పంచదారలాగా దాన్ని లెక్కపెట్టం, ‘అడ్వైసెస్’ అని బహువచనం చేయకండి. ఒక్క సలహా అయితే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’.

చివరిగా ‘ఐ విష్ ఐ వజ్’ గురించి. పాత ఇంగ్లీషులో ఊహకు, కోరికకు క్రియకు వేరే రూపం ఉండేది. అది దాదాపు అంతా చెరిగిపోయి ఈ ‘వర్’ రూపంలో ఒక ముక్క మిగిలింది. "గాడ్ సేవ్ ద కింగ్"లో ‘సేవ్స్’ అనకుండా ‘సేవ్’ అనడం కూడా ఆ పాత ఇంటి ఇటుకే. మాటల్లో ‘ఐ విష్ ఐ వజ్’ అన్నది ఇంగ్లీషువాళ్ళే రోజూ అంటారు, దానికి మార్కులు పోతాయని భయపడకండి. రాతలో, పద్ధతిగా మాట్లాడేచోట ‘వర్’ వాడండి. ‘ఇఫ్ ఐ వర్ యు’లో మాత్రం ఎప్పుడూ ‘వర్’ అనే అలవాటు చేసుకోండి, అక్కడ ‘వజ్’ చాలామంది చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

డ్యూటీలో ఉండగా మీరు పేషెంట్లతో తెలుగులో అనే మాటలు ఒక పది రాసుకోండి, ఉన్నది ఉన్నట్టు, మన యాసతో సహా. "ఈ మాత్ర వేసేసుకోండమ్మా", "అటు తిరిగి పడుకుంటే బాగుంటుందండి", "ముందే చెప్పాల్సింది కదా" లాంటివి. ప్రతి మాట పక్కనా, అది జరిగేదా జరగనిదా, చేసేది నేనా ఎదుటివాళ్ళా, కాదనే వీలు వాళ్ళకు ఉండాలా వద్దా అన్నది తెలుగులోనే ఒక ముక్క రాయండి. అప్పుడు ఇంగ్లీషులో పెట్టండి. ఆ పదీ ఇక్కడే కింద రాయండి, ఒక్కొక్కటీ చూసి చెబుతాను. నైట్ డ్యూటీలో ఉంటే తొందరేం లేదు, ఆదివారానికి రాసినా సరే.